లక్ష్యానికి వారంలో చోటు: ఉద్యోగానికీ ఇంటికీ కలిపి ఏడాది లక్ష్యాలు రాసుకునే పద్ధతి

ఏప్రిల్ మొదటి వారాల్లో మన దేశంలో చాలా సంస్థలు ఉద్యోగుల చేత ఆ ఆర్థిక సంవత్సరానికి లక్ష్యాలు రాయిస్తాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉగాది కూడా వస్తుంది కనుక, పచ్చడి తిని పంచాంగం విన్న మనిషి ఈ ఏడాదైనా ఫలానాది చేయాలని ఇంటి సంగతుల్లోనూ ఒక మాట అనుకుంటాడు. నేను పన్నెండేళ్లుగా నా విభాగంలో పనిచేసేవారి లక్ష్య పత్రాలు చదువుతున్నాను, వాటి మీద సంతకాలు పెడుతున్నాను, మార్చి నెలాఖరున వాళ్లతో కూర్చుని ఏది జరిగింది, ఏది జరగలేదు అని మాట్లాడుతున్నాను. నెరవేరకుండా మిగిలిపోయిన లక్ష్యాల్లో చాలా వాటి విషయంలో ఆ మనిషి పట్టుదలను తప్పుపట్టడానికి నాకేమీ కనిపించలేదు. ఆ లక్ష్యానికి వారంలో ఏ రోజునా, ఏ గంటలోనూ చోటు లేదు; ఉన్న గంటలన్నీ అప్పటికే వేరే పనులతో నిండిపోయి ఉన్నాయి. మన భాషలో ఆరంభశూరత్వం అనే నింద ఒకటి ఉంది. దాన్ని మోసేవారిలో చాలామందికి ఆరంభంలో లెక్క చూసుకోవాలని ఎవరూ చెప్పి ఉండరు.

అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతిలో లక్ష్యం కంటే ముందు గంటల లెక్క వస్తుంది. సాధారణంగా మనం దీనికి తలకిందులుగా చేస్తాం: ముందు కోరికలన్నీ రాసి, ఆ తరువాత సమయం దొరుకుతుందిలే అనుకుంటాం.

ముందుగా గంటల లెక్క

వారానికి 168 గంటలు. ఒక ఉదాహరణతో ఈ లెక్క చూద్దాం. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తూ, హైస్కూలు చదివే పిల్లలున్న ఒక స్త్రీని ఊహించుకోండి. నిద్రకు రోజుకు ఏడు గంటల చొప్పున 49 గంటలు. ఆఫీసు, రాకపోకలు కలిపి ఆరు రోజులకు 60. వంట, ఇంటి పని, పిల్లల చదువు చూడడం కలిపి రోజుకు నాలుగు గంటల చొప్పున 28. స్నానం, పూజ, భోజనాలు రోజుకు రెండు గంటల చొప్పున 14. బజారు, బంధువుల ఇళ్లు, ఫోన్లు, పరామర్శలు వారం మొత్తానికి ఏడు. కూడితే 158 అవుతుంది. ఆమెకు మిగిలేవి పది గంటలు. ఆ పది కూడా ఒక్కచోట దొరికేవి కావు. రాత్రి పదింటికి అరగంట, ఆదివారం మధ్యాహ్నం గంటన్నర, ఇలా చిల్లరగా పడి ఉంటాయి. ఒంట్లో ఓపిక ఉండి పనికొచ్చే గంటలు అందులో ఆరుకు మించవని నా అంచనా.

ఈ ఆరు గంటలే ఆమె పెట్టుబడి. ఏడాదికి ఎనిమిది లక్ష్యాలు రాసుకున్నా, మూడు రాసుకున్నా పంచుకోవలసింది ఈ ఆరింటినే. లక్ష్యాలు ఎన్ని ఉండాలన్న ప్రశ్నకు అంకె చెప్పమని చాలామంది అడుగుతారు. అందరికీ వర్తించే అంకె ఏదీ లేదు, మీ వారంలో మిగిలిన గంటలే ఆ అంకెను చెబుతాయి. ఆ స్త్రీ విషయంలో సమయం తీసుకునే లక్ష్యాలు రెండు, సమయం అక్కరలేనిది ఒకటి పడతాయి. అంతకు మించి ఇంకొకటి కావాలంటే ముందు ఒక గంటను ఖాళీ చేయాలి. అది ఏ పనిలోంచి వస్తుంది, ఆ పని ఇకమీద ఎవరు చేస్తారు అన్నది ఇంట్లో అందరితో కలిసి కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పడం అవసరం. లక్ష్యాల గురించి మాట్లాడే ప్రతి శిక్షణ తరగతిలోనూ వినిపించే ‘స్మార్ట్’ (SMART) అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాల సూత్రాన్ని జార్జ్ డోరన్ అనే అమెరికన్ 1981లో ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో ప్రతిపాదించాడు. నేడు ఆ సూత్రంలోని మూడో అక్షరానికి ‘సాధ్యమైనది’ అని అర్థం చెబుతున్నారు. డోరన్ రాసింది వేరు. ఈ పనిని ఎవరు చేస్తారో స్పష్టంగా అప్పగించి ఉండాలి అన్నది ఆయన ఉద్దేశించిన అర్థం. నాకు ఆ పాత అర్థమే విలువైనదిగా అనిపిస్తుంది. ముఖ్యంగా ఇంటి లక్ష్యాల్లో, ‘మనం ఈ ఏడాది పొదుపు చేయాలి’, ‘మనం బయటి తిండి తగ్గించాలి’ అనే వాక్యాల్లో ‘మనం’ అంటే ఎవరో తేలదు, చివరికి ఆ భారం ఎప్పటిలాగే ఒక్కరి మీద పడుతుంది. ఉదయం నడకకు వెళ్లే నలభై నిమిషాల్లో పాలు కాచి పిల్లలను లేపేది ఎవరన్నది తేలకపోతే, నడక లక్ష్యం ఎంత చక్కగా రాసినా జూన్ నెలలో బడులు తెరిచిన వారానికి ఆగిపోతుంది.

వారం లెక్క తేలాక నెల లెక్క, ఏడాది లెక్క కూడా చూడాలి. మన ఉదాహరణలోని ఉద్యోగిని జీఎస్టీ రిటర్నులు చూస్తుందనీ, ఉద్యోగం కోసం సాయంత్రాలు కొంత చదువుకోవాలన్నది ఆమె లక్ష్యాల్లో ఒకటనీ అనుకుందాం. నెలనెలా దాఖలు చేసే సంస్థలు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1ను సాధారణంగా 11వ తేదీలోగా, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బీని 20వ తేదీలోగా ఇవ్వాలి. కాబట్టి ఆ తేదీలకు ముందు మూడు నాలుగు రోజులూ, నెలాఖరు లెక్కలు ముగించే రోజులూ ఆమె ఇంటికి ఆలస్యంగా చేరుతుంది. ఆ రోజుల్లో సాయంత్రం చదువు సాగదు. నెలలో నిజంగా చదవగలిగేవి రెండు వారాలు. అంటే ఏడాదికి 24 వారాలు. అందులో శ్రావణమాసపు నోములు, దసరా, సంక్రాంతికి ఊరు వెళ్లడం, పిల్లల వార్షిక పరీక్షలు తీసేస్తే 20 వారాలు. వారానికి మూడు గంటల చదువు అనుకున్నప్పుడు మనసు 52 వారాలతో గుణించి 156 గంటలు చూపిస్తుంది. క్యాలెండరు 60 గంటలు చూపిస్తుంది. లక్ష్యం రాయవలసింది ఈ 60 గంటలకు.

ఈ తేడాను నేను అతిగా చెబుతున్నానని అనిపిస్తే ఒక పరిశోధన గుర్తు చేస్తాను. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను అది ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. వాళ్లు చెప్పిన అంచనాల సగటు దాదాపు 34 రోజులు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగితే దాదాపు 49 రోజులన్నారు. వాస్తవంలో సగటున 55 రోజులకు పైగా పట్టింది. అంటే చెడ్డ కాలాన్ని ఊహించి చెప్పిన లెక్క కూడా చాలలేదు. కనుక గడువు వేసేటప్పుడు మీ ఉత్సాహాన్ని కాకుండా, గతంలో ఇటువంటి పనికి మీకు నిజంగా ఎంతకాలం పట్టిందో దాన్ని ప్రమాణంగా తీసుకోవాలి.

కోరికను చేతిపనిగా మార్చడం

లెక్క తేలాక రాత మొదలుపెట్టాలి. ‘ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టాలి’ అన్నది కోరిక. ఇది లక్ష్యం కావాలంటే అందులో రెండు అంకెలు ఉండాలి: చేరవలసిన ఫలితానికి ఒకటి, ప్రతి వారం చేయవలసిన పనికి ఒకటి. దీనికి నాకు తెలిసినంతలో మంచి నమూనా అమెరికాలో మధుమేహ నివారణ మీద జరిగిన పెద్ద అధ్యయనం. రక్తంలో చక్కెర హద్దుకు దగ్గరగా ఉన్నవారికి అందులో రెండు స్పష్టమైన లక్ష్యాలు ఇచ్చారు: శరీర బరువులో కనీసం 7 శాతం తగ్గడం, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లేదా దానితో సమానమైన వ్యాయామం చేయడం. వాటితోపాటు ఆహారంలో మార్పులు నేర్పించి, వెంట ఉండి చేయించారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ సహాయం అందనివారితో పోలిస్తే వీరిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. అందులో 7 శాతం అన్నది ఫలితం, 150 నిమిషాలు అన్నది పని. బరువు ఈ వారం తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. 150 నిమిషాలు నడిచామా లేదా అన్నది మాత్రం ఆదివారం రాత్రికి తేలిపోతుంది. మనకు పట్టు దొరికేది ఈ రెండో అంకె దగ్గరే.

మన ఉదాహరణలోని స్త్రీ బరువు 70 కిలోలు అయితే 7 శాతం అంటే దాదాపు ఐదు కిలోలు. 150 నిమిషాలంటే వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున. విజయవాడలో మే నెల సాయంత్రాలు నడకకు అనువైనవి కావు కనుక ఇది ఉదయం ఐదున్నరకే సాధ్యం. అప్పటికే మధుమేహమో గుండె జబ్బో మోకాళ్ల నొప్పో ఉన్నవారు ఈ అంకెలను వైద్యుని అడగకుండా తమకు అన్వయించుకోకూడదు.

స్పష్టమైన అంకె మనిషి చేత ఎందుకు పని చేయిస్తుందన్నది ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల నుంచీ, తరువాత గ్యారీ లాథమ్‌తో కలిసి పరిశీలించిన విషయం. లాథమ్ 1975లో ప్రచురించిన ఒక క్షేత్ర అధ్యయనంలో, అడవి నుంచి దుంగలు తెచ్చే లారీలను చట్టం అనుమతించే బరువులో 60 శాతం దాకానే నింపుతున్నారు. అంతకుముందు ఆ డ్రైవర్లకు ‘చేతనైనంత బాగా చేయండి’ అని చెప్పేవారు. ఆ మాట తీసేసి 94 శాతం అని ఒక అంకె చెప్పారు. కొన్ని నెలల్లోనే లారీలు 90 శాతానికి దగ్గరగా నిండి రావడం మొదలైంది, జీతం పెంచింది లేదు. ‘చేతనైనంత’ అన్నప్పుడు ఎక్కడ ఆగాలో ఎవరికి వారే నిర్ణయించుకుంటారు, ఆగినచోటే చేతనైనంత అయిపోతుంది.

పొదుపు విషయం వేరు. ఇది సమయం అక్కరలేని లక్ష్యం కనుక దీన్ని రోజూ తలచుకోవలసిన అవసరం లేకుండా ఏర్పాటు చేయడమే మంచిది. మూడేళ్లలో కూతురి కాలేజీ ఖర్చుకు 2 లక్షలు కావాలంటే నెలకు 5,500 రూపాయల చొప్పున 36 నెలలకు అసలే 1,98,000 అవుతుంది, వడ్డీతో 2 లక్షలు దాటుతుంది. జీతం ఒకటో తేదీన పడితే రెండో తేదీన ఆ మొత్తం దానంతటదే రికరింగ్ డిపాజిట్లోకి వెళ్లేలా బ్యాంకులో ఒక్కసారి రాసిస్తే చాలు. మన ఇళ్లలో చీటీ కట్టే ఆడవాళ్లు, మిగిలితే దాచుకుందాం అనుకునే మగవాళ్ల కంటే ఎక్కువ కూడబెట్టడం నేను చాలా కుటుంబాల్లో చూశాను. చీటీకి కట్టే తేదీ ఉంటుంది, మొత్తం ఖాయంగా ఉంటుంది, కట్టకపోతే అడిగే మనుషులుంటారు. ఈ మూడూ ఏ లక్ష్యానికైనా పనికొస్తాయి. చీటీనే ఎంచుకునేవారు మాత్రం 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైనదో కాదో చూసుకోవాలి. నమోదు లేని చీటీలో పోయిన డబ్బుతోపాటు మూడేళ్ల లక్ష్యమూ పోతుంది.

ఉద్యోగంలో: నేర్చుకునే లక్ష్యం, చూపించే లక్ష్యం

‘రెండేళ్లలో అకౌంట్స్ మేనేజరు కావాలి.’ ఇటువంటి వాక్యం నా దగ్గరకు వచ్చే పత్రాల్లో ప్రతి ఏడాదీ కనిపిస్తుంది. ఆశపడడంలో తప్పేమీ లేదు. అయితే ఆ పదవి ఖాళీ అవడం, సంస్థ ఆర్థిక స్థితి, పైవారి అభిప్రాయం ఇవేవీ రాసినవారి చేతిలో లేవు. అటువంటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చున్న మనిషి చేస్తున్న పనుల్లో నాకు చేతకానివి ఏవి? ఆ జాబితా ఇలా ఉండవచ్చు. సంస్థ పనితీరును అంకెల్లో చెప్పే నెలవారీ ఎంఐఎస్ నివేదిక తయారుచేసి యాజమాన్యం ముందు వివరించడం, ఆడిటర్ల ప్రశ్నలకు జవాబు చెప్పడం, జీఎస్టీ నోటీసు వస్తే సమాధానం రాయడం. ఇందులో ఒక్కటి తీసుకోవాలి. ‘సెప్టెంబరు నుంచి నాలుగు నెలలు వరుసగా ఎంఐఎస్ నివేదికను నేనే తయారుచేస్తాను, డిసెంబరు నివేదికలో పైఅధికారి చేసే దిద్దుబాట్లు రెండుకు మించవు’ అని రాస్తే అది లక్ష్యం.

ఇందులో క్రమాన్ని గమనించాలి. దిద్దుబాట్ల అంకె డిసెంబరు దగ్గరకు వచ్చేదాకా లేదు. కొత్తదీ చిక్కుముళ్లున్నదీ అయిన పనిలో మొదటి రోజు నుంచే ఫలితాన్ని అంకెతో కొలిస్తే మనిషి భయపడతాడు, తెలిసిన దారినే పట్టుకుంటాడు, కొత్త పద్ధతి వెతకడు. లాథమ్, ఆయన సహ పరిశోధకులు తరువాతి కాలంలో చూపించినదీ ఇదే: ఎలా చేయాలో ఇంకా తెలియని పనికి, ఇంత సాధించాలి అనే లక్ష్యం కంటే ఇన్ని పద్ధతులు నేర్చుకోవాలి అనే లక్ష్యం మెరుగ్గా పనిచేస్తుంది. దుంగల లారీ నింపడం డ్రైవర్లకు ముందే తెలిసిన పని, అందుకే 94 శాతం అన్న అంకె నేరుగా పనిచేసింది. మన ఉద్యోగిని మొదటి మూడు నెలలు గత ఏడాది నివేదికలు నాలుగింటిని తీసుకుని ఒక్కో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వుకుంటూ పోవాలి. ఆమె 60 గంటల్లో దాదాపు మూడో వంతు దానికే వెళ్తుంది. ఈ లక్ష్యాన్ని పత్రంలో రాసి ఊరుకోకుండా పైఅధికారిని అడిగి, ఆ నివేదిక పని తనకు అప్పగించేలా మాట తీసుకోవాలి. పని అప్పగించకపోతే నేర్చుకునే చోటే ఉండదు.

ఇతరులకు లక్ష్యాలు ఇచ్చే స్థానంలో ఉన్నవారికి ఒక హెచ్చరిక చేయాలి. అంకెకున్న బలమే దాని ప్రమాదం. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ప్రతి ఖాతాదారుకూ ఎనిమిది సేవలు అమ్మాలన్నంత ఒత్తిడి ఉద్యోగుల మీద పెట్టింది. ఆ టార్గెట్లు చేరుకోవడానికి ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచిన సంగతి 2016లో బయటపడింది, బ్యాంకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది. మీరిచ్చిన అంకెను ఒక మనిషి తప్పుదారిలో చేరుకోవాలంటే ఎలా చేరుకుంటాడో సంతకం పెట్టకముందే ఆలోచించండి. అలాంటి దారి సులువుగా కనిపిస్తే పక్కనే రెండో అంకె ఒకటి పెట్టాలి: అమ్మకాల పక్కన ఏడాది తరువాత కూడా కొనసాగిన ఖాతాల సంఖ్య, ముగించిన ఫిర్యాదుల పక్కన మళ్లీ తెరిచిన ఫిర్యాదుల సంఖ్య.

తేదీ మన చేతిలో లేని లక్ష్యం

మన రెండు రాష్ట్రాల్లో లక్ష్యం అనే మాటను అందరికంటే ఎక్కువ బరువుతో మోస్తున్నది గ్రూప్స్ పరీక్షలకు చదివే యువతీ యువకులు. హైదరాబాదు అశోక్‌నగర్, చిక్కడపల్లి చుట్టుపక్కల గదుల్లో వాళ్లు గడిపే ఏళ్లను చూసినవారెవరూ వారికి ‘గట్టిగా సంకల్పించు’ అని చెప్పలేరు, సంకల్పంలో వారికి లోటు లేదు. తెలంగాణ గ్రూప్-1 సంగతి చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకు కారణంగా 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనను ఉపసంహరించి 563 పోస్టులకు కొత్త ప్రకటన ఇచ్చారు, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. ‘2023 కల్లా గ్రూప్-1 అధికారి కావాలి’ అని రాసుకున్న అభ్యర్థి ఏ తప్పూ చేయకుండానే ఆ గడువు దాటిపోయింది.

ఇటువంటి చోట లక్ష్యాన్ని రెండు కాగితాల మీద రాయాలని నా సలహా. మొదటి కాగితంలో మన చేతిలో ఉన్నవి. మెయిన్స్‌లో మార్కులకు లెక్కించే పేపర్లు ఆరు, ఒక్కోటి 150 మార్కులకు. పేపరుకు రెండు చొప్పున వారానికి పన్నెండు జవాబులు గడియారం పెట్టుకుని రాయడం, వాటిలో కనీసం నాలుగింటిని మరొకరి చేత దిద్దించుకోవడం, దిద్దుబాటు చూసి ఆ నాలుగింటినీ తిరిగి రాయడం. పరీక్ష వాయిదా పడినా, రద్దయినా ఈ కాగితం మీది లెక్క చెదరదు, ఆ వారం ఎంత జరిగిందో ఆ వారమే తెలుస్తుంది.

రెండో కాగితం రాయడం కష్టం. ఎంతకాలం, ఎంత డబ్బు, ఎన్ని ప్రయత్నాలు అన్న హద్దును మొదటి రోజే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే తేదీతో రాసుకోవాలి. ఆ హద్దు చేరినప్పుడు చేయబోయే పనిని కూడా అందులోనే రాయాలి. ‘2027 డిసెంబరు దాకా పూర్తి సమయం చదువుతాను, అప్పటికి ఎంపిక కాకపోతే ఉద్యోగంలో చేరి, చదువును రోజుకు రెండు గంటలకు కుదిస్తాను’ అన్నది ఒక నమూనా. ఇది ఓటమిని ముందే ఒప్పుకోవడమని పెద్దలు కొందరు బాధపడతారు. వారితో నేను గౌరవంగానే విభేదిస్తాను. హద్దు రాసుకోనివారికి ప్రతి కొత్త ప్రకటనా ‘ఇంకొక్కసారి’ అని పిలుస్తుంది, అప్పటికే ఖర్చుపెట్టిన ఏళ్లు ఆ పిలుపుకు బలం చేకూరుస్తాయి. ఆ క్షణంలో తీసుకునే నిర్ణయం కంటే మూడేళ్ల క్రితం నెమ్మదిగా కూర్చుని తీసుకున్న నిర్ణయం నమ్మదగినది. తల్లిదండ్రులకు ఆ కాగితం చూపించాలి. పిల్లవాడు ఎంతకాలం చదువుతాడో తెలియక వాళ్లు పడే దిగులు కూడా దానితో కొంత తగ్గుతుంది.

ఏ పూట, ఏ చోట, అడ్డు వస్తే ఏమిటి

అంకె తేలిన తరువాత దానికి పూటా చోటూ కట్టాలి. బ్రిటన్‌లో సారా మిల్న్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో, వ్యాయామం వల్ల లాభాలు చదివి ఉత్సాహం తెచ్చుకున్న విద్యార్థుల్లో పదిమందికి నలుగురు కూడా ఆ వారం వ్యాయామం చేయలేదు. అవే లాభాలు చదివి, దానితోపాటు ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ చేస్తారో ఒక వాక్యంలో రాసినవారిలో పదిమందికి తొమ్మిది మంది చేశారు. ఒక్క వాక్యం ఇంత తేడా తెచ్చింది. కనుక ‘వారానికి 150 నిమిషాలు నడుస్తాను’ కింద ‘సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఐదున్నరకు, వీధి చివరి స్కూలు గ్రౌండులో’ అని ఉండాలి.

దాని కింద అడ్డంకులు రాయాలి. విజయాన్ని కళ్ల ముందు ఊహించుకుంటే చాలని చెప్పే శిక్షకులు ఉన్నారు. గాబ్రియెలె ఎటింగెన్, థామస్ వాడెన్ 1991లో బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన స్త్రీలను పరిశీలించినప్పుడు, సన్నబడ్డ తమను అందమైన కలలుగా ఊహించుకున్నవారు ఇతరుల కంటే తక్కువ బరువు తగ్గారు. కల చూడవద్దని నేను అనను. కల పక్కనే అడ్డంకిని కూడా అంతే స్పష్టంగా చూడాలి. వాన పడితే ఇంటి మెట్లు ఇరవై నిమిషాలు ఎక్కి దిగుతాను. నెలాఖరు పని వల్ల రాత్రి పదకొండు దాటి పడుకుంటే మరుసటి రోజు నడక మానేసి శనివారం చేస్తాను. చుట్టాలు వస్తే పదిహేను నిమిషాలైనా గేటు దాటి వస్తాను. ఇలా మూడు ‘అయితే’లు రాసుకున్న మనిషి అడ్డంకి వచ్చిన పొద్దున కొత్తగా ఆలోచించవలసిన పని ఉండదు.

అలవాటు 21 రోజుల్లో స్థిరపడుతుందని చాలామంది నమ్ముతున్నారు, ఇరవై రెండో రోజున కూడా కష్టంగానే ఉంటే లోపం తమలోనే ఉందని కుంగిపోతున్నారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాల్లో మధ్యస్థ సంఖ్య 66 రోజులు. పని స్వభావాన్నీ మనిషినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక్క రోజు తప్పిపోవడం వల్ల చెప్పుకోదగ్గ నష్టం రాలేదని కూడా వారు గమనించారు. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన నడక జూలైలో కూడా బలవంతంగానే అనిపిస్తే అది సహజం.

ఆదివారం ఇరవై నిమిషాలు

లక్ష్యాలు కాగితం మీద రాసినంతమాత్రాన నెరవేరుతాయని చెప్పడానికి, 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది ఇరవై ఏళ్ల తరువాత మిగతా 97 శాతం మంది మొత్తం కంటే ధనవంతులయ్యారనే కథను వేదికల మీద ఇప్పటికీ చెబుతున్నారు. అటువంటి అధ్యయనం ఎన్నడూ జరగలేదు. వెతికినవారికి దాని ఆనవాలు దొరకలేదు. కాగితం పనికొచ్చేది దాన్ని వారం వారం తెరిచినప్పుడే.

దీనికి రెండొందల పేజీల నోటుపుస్తకం ఒకటి చాలు. ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు కేటాయించి ప్రతి లక్ష్యానికీ మూడు గడులు నింపాలి: ఈ వారం అనుకున్నది ఎంత, జరిగింది ఎంత, తేడాకు కారణం ఏమిటి. మూడో గడిలో ‘బద్ధకం’ అని రాయకూడదని నా దగ్గర పనిచేసేవారికి నేను గట్టిగా చెబుతాను. ఆ మాటలో సమాచారం ఏమీ లేదు. ‘బుధవారం, గురువారం ఆఫీసు నుంచి ఎనిమిదిన్నరకు వచ్చాను’ అని రాస్తే, నాలుగు వారాల తరువాత పేజీలు తిప్పినప్పుడు బుధ, గురువారాలకు చదువు పెట్టుకోవడమే పొరపాటని కనిపిస్తుంది. అప్పుడు మార్చవలసింది రోజును, లక్ష్యాన్ని కాదు.

వరుసగా నాలుగు వారాలు సగం కూడా జరగని లక్ష్యం విషయంలో మాత్రం నిర్ణయం తీసుకోవాలి. అంకె తగ్గించడం ఒక దారి. పూట మార్చడం మరొకటి. మూడోది, ఆ లక్ష్యాన్ని ఈ ఏడాదికి విడిచిపెట్టి తేదీతో సహా ఆ మాట పుస్తకంలో రాయడం. విడిచిపెట్టిన లక్ష్యం ఆ రెండు మూడు గంటలను మిగతావాటికి ఇస్తుంది. విడవకుండా, చేయకుండా మోసే లక్ష్యం ప్రతి ఆదివారం మనసును మాత్రం తినేస్తుంది. జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలాఖరుల్లో ఈ పరిశీలనను కొంచెం పెద్దగా, ఒక గంట పాటు, ఇంట్లోవారినీ కూర్చోబెట్టుకుని చేయాలి. ఉద్యోగ లక్ష్యాలకైతే అదే సమయంలో పైఅధికారిని పదిహేను నిమిషాలు అడగాలి. మార్చిలో ఒక్కసారే మాట్లాడుకునే పద్ధతిలో, మేలో దారి తప్పిన పని సంగతి పది నెలల తరువాత తెలుస్తుంది.

మార్చి చివరి ఆదివారం ఆ పుస్తకాన్ని మొదటి నుంచి తిరగేసి, మూడు గడుల్లో రెండోదాన్ని మాత్రమే కూడాలి. నడిచిన నిమిషాలు, చదివిన గంటలు, కట్టిన నెలలు. వచ్చే ఏడాది లక్ష్య పత్రం ముందు పెట్టుకున్నప్పుడు 168 గంటల లెక్కను మళ్లీ ఊహతో వేయనక్కరలేదు. మీ వారంలో నిజంగా దొరికిన గంటలు ఎన్నో ఆ కూడికలో ఉంటాయి, కొత్త అంకెలను అక్కడి నుంచే రాయాలి.